నాలుగు సోలో నాటకాలు, ఒకే సాయంత్రం: చిన్న హాల్లో ఎలా నడపాలి?

చిగురుటాకు:

హైదరాబాదులో నలుగురు ఆడవాళ్లం కలిసి ఒక సాయంత్రం ప్రదర్శన పెట్టుకుంటున్నాం. ఎవరి స్క్రిప్టు వాళ్లే రాసుకున్నారు, ఎవరిది వాళ్లే ఆడతారు. ఒక్కొక్కటి 20 నిమిషాలు. హాలు 80 కుర్చీల బ్లాక్ బాక్స్ (చుట్టూ నల్లగా ఉండే చిన్న హాలు), ఆ రోజంతా మనకే ఇస్తామన్నారు. ఇవే నాటకాలు తర్వాత ఒక ఆరుబయలు వేదిక మీద కూడా ఆడాలి. చేతిలో ఆరు వారాలుంది.

అందరికీ గ్రూపు నాటకాలు అలవాటే, పరిషత్తు పోటీలు తెలుసు. ఇంతసేపు ఒక్కరే స్టేజీ మీద ఉండటం మాత్రం కొత్త. మూడు నాటకాల్లో ఒక్క మనిషే నలుగురైదుగురిగా మాట్లాడాలి. ఒకటి నిజంగా ఉన్న ఒకావిడ జీవితం మీద రాసింది. ఇద్దరు చీరల్లో ఉంటారు, అందులో ఒకరికి నేల మీద దొర్లే సీను ఉంది.

తెలియాల్సినవి: మధ్యలో డైలాగు మర్చిపోతే ఎవరు అందిస్తారు? హాల్లో ఆరు లైట్లే ఉన్నాయి, సరిపోతాయా? మైకు పెట్టాలా? టికెట్టు పెడితే కాగితాల పని ఏముంటుంది? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి, ప్లీజ్.

---

పక్కతెర:

స్క్రిప్టు దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే మర్చిపోవడం అన్నది చాలావరకు అక్కడే పుడుతుంది.

20 నిమిషాలంటే కుర్చీలో కూర్చుని గట్టిగా చదివితే 15, 16 నిమిషాల్లో అయిపోవాలి. మిగతా సమయం కదలికలు, మౌనాలు, జనం నవ్వులు తినేస్తాయి. చదివినప్పుడే 20 వస్తే స్టేజీ మీద 25 దాటుతుంది, నలుగురికి కలిపి గంటా నలభై అవుతుంది. ఇప్పుడే స్టాప్‌వాచీ పెట్టి చదవండి, ఇప్పుడే కోయండి. ఐదో వారంలో కోస్తే ఆ కోసిన డైలాగే ప్రదర్శన రోజున నోట్లోకి వస్తుంది.

పరిషత్తు అలవాటున్నవాళ్లకి ఒక మాట. మన ఏకపాత్రాభినయంలో ఎదుటి మనిషి లేడు కాబట్టి అతని మాట మనమే తిరిగి పలుకుతాం: "ఏమన్నావు? నన్ను వెళ్లిపొమ్మంటావా? ఎక్కడికి పొమ్మంటావు?" పది నిమిషాల పోటీకి ఇది నడుస్తుంది. 20 నిమిషాలు అదే పద్ధతిలో సాగితే మూడో ప్రశ్నకే ప్రేక్షకుడు పసిగట్టేస్తాడు, ఆపైన వినడు. ఎదుటి మనిషి ఏమన్నాడో పలకొద్దు. విన్న మనిషిలో ఏం మారిందో చూపించి, నేరుగా జవాబు చెప్పండి. "ఏమన్నావు?" అన్న ప్రతి చోటా పెన్సిల్‌తో గీత పెట్టుకుంటే సగానికి సగం తీసేయొచ్చని మీకే అర్థమవుతుంది.

ఒక్కరే నలుగురవ్వాలంటే గొంతు మార్చడం కన్నా చూపు మార్చడం ఎక్కువ పని చేస్తుంది. అత్తగారు కుర్చీలో ఉంది, కోడలు కింద కూర్చుంది అనుకోండి. అత్తగారు మాట్లాడేటప్పుడు చూపు కొద్దిగా ఎడమకి, కిందకి. కోడలు మాట్లాడేటప్పుడు కొద్దిగా కుడికి, పైకి. ఈ పక్కా ఆ పక్కా తిరిగేది 30 డిగ్రీలు మించకూడదు. పూర్తిగా పక్కకి తిరిగితే సగం హాలుకి ముఖం కనబడదు, మళ్లీ ఇటు తిరిగేసరికి ఒక క్షణం పోతుంది, వాదన ఊపు చచ్చిపోతుంది. ప్రతి పాత్రకీ హాల్లో ఒక గుర్తు పెట్టుకోండి: తలుపు పైన దీపం, మూడో వరుస చివరి కుర్చీ, ఏదైనా సరే. హాలు మారితే గుర్తులూ మారతాయి, ఆరుబయట వాటిని మళ్లీ వెతుక్కోవాలి. గొంతు విషయంలో నా సలహా ఒక్కటే: ముసలావిడ అనగానే వణుకు, చిన్నపిల్ల అనగానే కీచు వద్దు. వేగం మార్చండి చాలు.

కథకురాలి పాత్ర పెట్టుకోవడానికి మొహమాటపడకండి. శావోలీ మిత్ర 1983లో బెంగాలీలో ద్రౌపది కథని ఒంటరిగా ఆడినప్పుడు కథకురాలిగా మొదలై, ద్రౌపదిగా మారి, మళ్లీ కథకురాలిగా బయటికొస్తూ నడిపించారు. మన హరికథలో ఉన్నదీ ఇదే. వచనం, పద్యం, పాట, మధ్యలో ఒక పిట్టకథ. ఊపిరి తీసుకునే చోట్లు ఆ నిర్మాణంలోనే ఉంటాయి.

ఇక మర్చిపోవడం. సోలోలో పూర్తిగా బ్లాంక్ అవ్వడం అరుదు. ఎక్కువగా జరిగేది దూకడం. రెండో పేజీలో "అమ్మ పిలుస్తోంది, వెళ్లాలి" అని ఉంటుంది, తొమ్మిదో పేజీలోనూ అదే ఉంటుంది. నోరు ఆ మాట పలకగానే మెదడు తొమ్మిదో పేజీ పట్టుకుని పోతుంది. ఏడు పేజీలు గల్లంతు. గ్రూపు నాటకంలో ఎదుటి నటుడు వెనక్కి లాగుతాడు, ఇక్కడ ఎవరూ లేరు. అందుకని స్క్రిప్టు అంతా చూసి, ఒకేలా ఉన్న వాక్యాలన్నీ వెతికి ఒకటి మార్చేయండి. రెండో పేజీలో "అమ్మ కేకేస్తోంది" అనండి. అదే మాట కావాలనే రెండుసార్లు రాసి ఉంటే ఒకసారి నిలబడి, ఒకసారి కూర్చుని పలకండి. ఒంటి భంగిమ వేరైతే జ్ఞాపకం దారి తప్పదు.

హాలు చిన్నది కాబట్టి పక్కనుంచి గుసగుసగా అందిస్తే మొదటి వరుసకి వినబడుతుంది. దాని బదులు స్టేజీ మీద వాడే వస్తువులోనే మాటలు దాచుకోండి: పద్దు పుస్తకం లోపలి పేజీలో, సూట్‌కేసు మూత లోపల, ఉత్తరంలో. డైలాగులు మొత్తం రాస్తే వెతుక్కోలేరు. ఒక్కో భాగం మొదటి మూడు మాటలు మాత్రం పెద్ద అక్షరాల్లో రాయండి. ఆ వస్తువుని మామూలుగా కూడా రెండుమూడుసార్లు తెరిచేలా సీను కట్టుకుంటే అవసరానికి తెరిచినా ఎవరికీ అనుమానం రాదు.

---

డిమ్మర్‌బోర్డు:

పక్కతెర గారు చెప్పిన దూకడం లైట్లవాడికి ఇంకా పెద్ద ప్రమాదం. నటి ఏడు పేజీలు దూకితే, మాటలు చూసి క్యూలు (లైటు మార్పులు) కొట్టే మనిషి పాత చోటే ఉంటాడు. పెళ్లి సీనులో ఆస్పత్రి లైటు పడుతుంది. ప్రతి స్క్రిప్టులో మూడు "కలిసే చోట్లు" పెట్టుకోండి. మాట మీద పెట్టొద్దు, కంటికి కనబడే పని మీద పెట్టండి: స్టూలు తిరగేసింది, కొంగు నడుముకి చుట్టింది, లాంతరు కింద పెట్టింది. ఆ పని కనబడగానే, ముందు ఏం జరిగినా సరే, ఆపరేటరు ఆ క్యూకి వెళ్లిపోవాలి.

ఆరు లైట్లు సరిపోతాయి. సోలోకి నిజానికి అదే మంచిది. రెండు ముందు నుంచి, నటికి చెరో పక్కా 45 డిగ్రీల కోణంలో, తల కన్నా ఎత్తులో. ఒకటి కొద్దిగా పసుపు కలిసిన వెచ్చటి రంగు, ఒకటి కొద్దిగా నీలం కలిసిన చల్లటి రంగు. రెండు వెనక నుంచి, జుట్టు మీదా భుజాల మీదా పడేలా. నల్లతెర ముందు నల్లజుట్టు మనిషి వెనక లైటు లేకపోతే ముఖం మాత్రమే గాల్లో తేలుతున్నట్టుంటుంది. మిగిలిన రెండింటిలో ఒకటి పక్కనుంచి నడుము ఎత్తులో, ఒకటి ఒంటరి క్షణానికి నెత్తిమీద నుంచి. నెత్తిమీద లైటు ఒక్కటే వేసి ముఖ్యమైన డైలాగు చెప్పించొద్దు. కళ్లు గుంటల్లోకి పోతాయి.

నలుగురికీ ఒకే అమరిక ఉండాలి, ఎవరి కోసమూ లైటు తిప్పకూడదు. మధ్యలో నిచ్చెన వేశారంటే సాయంత్రం అక్కడే విరిగిపోతుంది. తేడా అంతా క్యూల్లో చూపించుకోండి. ఒక్కో నాటకానికి 12 క్యూలు దాటనివ్వకండి.

కరెంటు విషయం హాలువాళ్లని గట్టిగా అడగండి. అవి పాత 1000 వాట్ల పార్ లైట్లయితే ఒక్కోటి 230 వోల్టుల మీద దాదాపు 4.3 ఆంపియర్లు లాగుతుంది. ఆరు వెలిగితే 26. ఒక 16 ఆంపియర్ల ప్లగ్గుకి మూడుకి మించి తగిలించకూడదు, రెండు వేరువేరు లైన్లు కావాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు నుంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసి నడిపితే మొదట వేడెక్కేది ఆ ప్లగ్గు, తర్వాత పడేది ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్), అదీ అన్ని లైట్లూ కలిసి వెలిగే పతాక సన్నివేశంలో. ఎల్ఈడీలైతే ఈ బాధ లేదు. కానీ వాటిని బాగా తగ్గించినప్పుడు చవక రకాలు మెల్లగా ఆరవు, చివర్లో టప్పున ఆరిపోతాయి. నెమ్మదిగా చీకటి పడాలని రాసుకున్న సీను ఉంటే ముందే ఆ హాలు లైటు మీదే వేసి చూడండి.

చీకట్లో దారి కనబడటానికి అతికించే గ్లో టేపు తనంతట వెలగదు, వెలుతురు తాగితేనే వెలుగుతుంది. మసక సీను తర్వాత బ్లాకవుట్ (పూర్తి చీకటి) వస్తే టేపు కనబడదు. ప్రదర్శనకి ముందు టార్చి కొట్టి నింపండి. నాలుగు మూలలకీ చిటికెన గోరంత ముక్క చాలు.

ఆరుబయట బ్లాకవుట్ అన్న మాటే మర్చిపోండి. హైదరాబాదులోని లామకాన్ లాంటి ఆరుబయలు వేదిక దగ్గర వెనక బండరాయి, పైన ఆకాశం, పక్కన మాటలు, టీ. అక్కడ సీను చివర్లు చీకటితో ముగించలేరు. నటి ఒంటితో ముగించాలి, కదలకుండా మూడు అంకెలు లెక్కపెట్టి. డిసెంబరులో ఆరులోపే చీకటి పడుతుంది, మే, జూన్‌లో ఏడు దాటితేగానీ లైట్లు తెలియవు. టైము దాన్ని బట్టి పెట్టుకోండి.

---

కొంగుముడి:

మైకు: మూసిన హాల్లో 80 మందికి వద్దు. ఫ్యాన్లూ ఏసీ ఆన్ చేసి, చివరి వరుసలో మనిషిని కూర్చోబెట్టి, మీ నాటకంలో అన్నిటికన్నా మెల్లగా పలికే డైలాగు వినిపించండి. అది అందితే చాలు. ఖాళీ హాల్లో వినబడినంత నిండిన హాల్లో వినబడదు, మనుషులు, బట్టలు శబ్దాన్ని తాగేస్తాయి. కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు కాస్త ఎక్కువగానే వినబడాలి.

ఆరుబయట మైకు తప్పదు. చీరకి కాలర్ మైకు పెడితే పని చెడుతుంది. జాకెట్టు అంచున ఎడమవైపు పెడతారు, పైట అక్కడే ఉంటుంది, తిరిగినప్పుడల్లా కరకర. పట్టు, ఆర్గాంజా అయితే వర్షం పడ్డట్టే ఉంటుంది. చెంప మీదకి వచ్చే సన్న హెడ్‌సెట్ తీసుకోండి. చెంప మీద ఒకచోట, మెడ వెనక ఒకచోట మెడికల్ షాపులో దొరికే మైక్రోపోర్ టేపుతో అతికించాలి. ముఖానికి నూనె, క్రీము పెట్టిన తర్వాత టేపు నిలవదు. ముందు టేపు, తర్వాత మేకప్. మైకు కొన సరిగ్గా పెదవుల ముందు ఉంటే ప, బ పలికినప్పుడల్లా ఫట్‌మంటుంది, నోటి మూలకి ఒక వేలెడు వెనక్కి ఉండాలి.

ట్రాన్స్‌మిటర్ డబ్బా ఎక్కడ పెట్టాలన్నది చీర ఆడవాళ్లకి అసలు సమస్య. లంగా బొందుకి నడుము వెనక తగిలిస్తే మామూలుగా సరిపోతుంది. దొర్లే సీను ఉన్నావిడకి అలా పెడితే వెన్నెముకకి తగులుతుంది, డబ్బా స్విచ్ ఆరిపోతుంది కూడా. ఆమెకి పాత కాటన్ గుడ్డతో నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ కుట్టి, దానికి ఒక జేబు పెట్టి, చంక కింద పక్కటెముకల మీదకి వచ్చేలా కట్టండి. వైరు జాకెట్టు లోపలినుంచి మెడ వెనకకి రావాలి, తల పూర్తిగా తిరిగేంత వదులు వదలాలి. చెమట తగలకుండా డబ్బాని చిన్న ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించండి. స్విచ్ లాక్ అయ్యే మోడలైతే లాక్ చేయండి. సెల్సు ప్రతి ప్రదర్శనకీ కొత్తవి. రిహార్సల్లో వాడినవి మిగిలున్నా వాటిని టార్చికి వాడుకోండి.

దొర్లే సీనుకి ఇంకో సంగతి. కుచ్చిళ్లకి పిన్నీసు లోపలి వైపు పెట్టి, దాని తల కింద చిన్న గుడ్డముక్క మడిచి పెట్టండి, లేకపోతే మొదటి దొర్లుడికే చీర చిరిగి పిన్ను తెరుచుకుంటుంది. నేల మీద నల్లగుడ్డ పరిస్తే నాలుగు అంచులూ టేపు వేసినా మధ్యలో ముడతపడి కాలికి చుట్టుకుంటుంది. గుడ్డ తీసేసి ఉత్త నేల మీదే ఆడితే మేలు. ప్రదర్శనకి ముందు ఒకరు చెప్పుల్లేకుండా నేలంతా మెల్లగా నడిచి చూడాలి. మేకు ముక్కలు, పిన్నులు కంటికి కాదు, పాదానికి దొరుకుతాయి.

గాజులు: ఎక్కువ మంది మైకులో గాజులు వినబడతాయని తీసేస్తారు. తీయక్కర్లేదు. ఆ పాత్ర చేతికి గాజులుంటే ఉంచండి. ఏ మాట మీద మోగాలో, ఏ మాట దగ్గర చేయి కదలకూడదో రిహార్సల్లోనే తేల్చుకోండి. అందుకే మొదటి వారం నుంచే అవే గాజులు వేసుకుని చేయాలి.

---

చిగురుటాకు:

ఇంత వివరంగా రాసినందుకు చాలా చాలా థాంక్స్ అండీ. "ఏమన్నావు?" లెక్కపెట్టాను, ఒక్క స్క్రిప్టులోనే పదకొండు వచ్చాయి. ఇంకా టికెట్టు సంగతీ, నిజమైన మనిషి కథ సంగతీ ఎవరైనా చెప్పగలరా? మధ్యలో ఒక సినిమా పాట కూడా వాడాలనుకుంటున్నాం.

---

గేటులెక్క:

నిజమైన మనిషి కథ ముందు. పేరు మారిస్తే చాలనుకుంటారు. చాలదు. ఊళ్లో, చుట్టాల్లో ఆమెని పట్టించేది పేరు కాదు: వృత్తి, ఎంతమంది పిల్లలు, ఏ సంవత్సరం ఏం జరిగింది. వాటిలో కనీసం రెండు మార్చండి. చివరి స్క్రిప్టుని ఆమెకి మొత్తం చదివి వినిపించండి, సారాంశం చెప్పి ఒప్పించొద్దు. ఫలానా తేదీ లోపు వద్దంటే ఆపేస్తామని రాసి ఆమె చేతికే ఇవ్వండి, ఆమె ఒప్పుకున్నట్టు కూడా రాతలో తీసుకోండి. ఈ పని అన్నిటికన్నా ముందు చేయాలి. ఆరో వారంలో కాదంటే మీకు నాటకమే ఉండదు, ఆమెకేమో మొహమాటం వల్ల కాదనే వీలు కూడా ఉండదు.

ఇంకొకరి కథని నాటకం చేస్తే ఆ రచయిత అనుమతి కావాలి. రచయిత పోయిన తర్వాత కూడా 60 ఏళ్ల వరకు హక్కు వారసులకి ఉంటుంది. మీవి సొంత స్క్రిప్టులే కాబట్టి రాసిన క్షణం నుంచే హక్కు మీది. రుజువుగా ఉండాలంటే కాపీరైట్ ఆఫీసులో రిజిస్టర్ చేసుకోవచ్చు, ఒక్కో రచనకి ఫీజు 500 రూపాయలు.

సినిమా పాట రికార్డు వేస్తే రెండు హక్కులు అడ్డమొస్తాయి. రికార్డింగ్‌కి ఒకటి, మాటలకీ బాణీకీ ఇంకొకటి. పీపీఎల్, ఐపీఆర్ఎస్ అని వేరువేరు సంస్థలు. హాలుకి లైసెన్సు ఉందేమో అడగండి, ఉన్నా నాటకంలో వాడటానికి అది వర్తిస్తుందో లేదో రాతలో తెచ్చుకోండి. నా సలహా మాత్రం ఆ పాట తీసేయమనే. మీ నలుగురిలో ఎవరికైనా మీ అమ్మమ్మల దగ్గర విన్న దంపుళ్ల పాటో, జోలపాటో వచ్చి ఉంటుంది. నటి తనే పాడుకుంటే స్పీకరు అక్కర్లేదు, క్యూ అక్కర్లేదు, ఊపిరికి చోటు కూడా దొరుకుతుంది.

టికెట్టు 500 మించకపోతే నాటకానికి జీఎస్టీ మినహాయింపు ఉంది. 80 కుర్చీలు, 250 చొప్పున మొత్తం నిండితే 20,000. కానీ లెక్క 50 కుర్చీల మీద వేయండి, అంటే 12,500. ఆన్‌లైన్‌లో అమ్మితే అందులోంచి కమిషను పోతుంది, డబ్బు వెంటనే చేతికి రాదు. ఖర్చులో మొదట రాయాల్సిన పేర్లు ఇద్దరివి: లైట్ల ఆపరేటరు, స్టేజీ మేనేజరు. వాళ్లకి ఇవ్వకుండా నటులు పంచుకునే పద్ధతి మొదలుపెట్టొద్దు. అద్దెకి బదులు గేటులో (టికెట్ల డబ్బులో) వాటా తీసుకునే చోట్లు ఉన్నాయి, మొదటి ప్రదర్శనకి అది మేలు, నష్టం సగం సగం.

మూసిన హాలుకి ఇబ్బంది లేదు గానీ ఆరుబయట రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకరు నడపకూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం. 9:15కి ముగిసేలా పెట్టుకోండి. ఆడవాళ్లు సామాను సర్దుకుని ఇళ్లకి చేరే టైము కూడా అందులో లెక్కేయాలి.

ఫోన్లు: వీడియో తీయొద్దని మొదట్లో ఒకసారి చెప్పి ఊరుకుంటే ఆగదు. సోలోలో కోపంతో అరిచిన 20 సెకన్ల ముక్కని ముందూ వెనకా లేకుండా పెడితే అది నటి సొంత మాటలా తిరుగుతుంది. తలుపు దగ్గర చెప్పాలి, ప్రకటనలో చెప్పాలి, మూడో వరుస చివర ఒక మనిషి నిలబడాలి. హాలువాళ్లు తమ పేజీ కోసం రికార్డు చేస్తామంటే ఎన్ని నిమిషాలు, ఏ భాగం అన్నది ముందే రాయించుకోండి.

---

పక్కతెర:

వరుస గురించి కూడా చెప్పాలి. బరువైనది చివర పెట్టడం అలవాటు. అలా వద్దు. నిజజీవిత కథ రెండోది పెట్టండి, దాని తర్వాత పది నిమిషాల విరామం ఇవ్వండి. దాని వెంటనే ఇంకొకరు రావాలంటే పాపం ఆ వచ్చే నటికి మొదటి ఐదు నిమిషాలూ వినేవాళ్లుండరు. మిగతా రెండు మార్పులూ 90 సెకన్లలో అవ్వాలి. నలుగురికీ కలిపి ఒక స్టూలు, ఒక బల్ల చాలు, ఇంకేదైనా చేత్తో తెచ్చుకునేంతే.

నటి మాయా కృష్ణారావు 2012 డిసెంబరు ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత చేసిన సోలో ఎప్పటికప్పుడు మారుతూ వచ్చింది. మీరూ రెండో ప్రదర్శనకి మార్చుకోవచ్చు. అయితే మార్చిన ప్రతిసారీ ఆపరేటరు కాగితంలో కూడా మారాలి.

---

డిమ్మర్‌బోర్డు:

మార్పులు ప్రదర్శనకి రెండు రోజుల ముందు ఆగిపోవాలి, ఇది మాత్రం కచ్చితం.

ఆ రోజు టైము ఇలా పెట్టుకోండి. 20 నిమిషాల నాటకానికి క్యూ టు క్యూ చేస్తే గంటన్నర పడుతుంది. డైలాగులు వదిలేసి, లైటు మారే చోటు నుంచి మారే చోటుకి దూకుతూ, ప్రతి మార్పూ రెండుసార్లు. నాలుగుకి ఆరు గంటలు. ఉదయం 8కి లైట్లు కట్టడం, 10కి మొదటి నాటకం క్యూలు. మధ్యాహ్నం అరగంట భోజనం, 4:30కి నాలుగూ పూర్తి. అక్కడి నుంచి ఆపకుండా ఒక్క రన్, మార్పులతో సహా, కానీ గొంతు సగమే వాడుతూ. 6:30కి అయిపోతుంది. 7:00కి తలుపు తీసేలోపు టార్చితో టేపు నింపడం, నేల మీద ఆ వట్టికాళ్ల నడక, ఫ్యాన్లు ప్రదర్శనలో ఉండాల్సిన స్పీడుకి పెట్టడం. ఫ్యాన్లు మర్చిపోకండి. జనం వచ్చాక ఎవరో ఒకరు ఉక్కగా ఉందని ఐదుకి పెంచేస్తారు, రెగ్యులేటరు దగ్గర కూడా ఒక మనిషి ఉండాలి.